సైమా అమ్మమ్మ మీది చేప కేసు

సైమా అమ్మమ్మ మొగుణ్ణి చేపతో కొట్టిన సంగతి ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరది. అక్కడ చెప్పుకోడానికి మంచు తప్ప ఇంకేముంది? అందుకని ఆ చేప ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది. మొదట్లో మూరెడు ట్రౌట్ చేప. పదేళ్ళు తిరిగేసరికి నిలువెత్తయింది. కిరాణా కొట్లో అమ్మమ్మ చేపల పెట్టె దగ్గర ఆగితే చాలు, కొట్టువాడు అరిచేవాడు: "తప్పుకోండి బాబూ, సైమా ఆయుధం కొనుక్కుంటోంది!"

ఆమె తక్కువ తినలేదు. "నీ బుర్రకి ఏది సరిపోతుందా అని చూస్తున్నా," అనేది.

ఊళ్ళో అది నవ్వులాట. కోర్టు కాగితం మీద మాత్రం నవ్వులాట కాదు. ఇంట్లో మనిషిని కొట్టిన నేరం, రుజువైంది, ముద్దాయి స్వయంగా ఒప్పుకుంది అని ఉంది. ఆ నేరం పేరు మీద ఉన్నవాళ్ళు తుపాకి ముట్టుకోకూడదు. ఏడాదో రెండేళ్ళో కాదు, బతికున్నంత కాలం.

ఇంకెవరికైనా అది పెద్ద శిక్ష కాకపోవచ్చు. కానీ అమ్మమ్మకి నడక రాకముందే వేట వచ్చిందంటారు. పన్నెండో ఏట మొదటి దుప్పిని కొట్టింది. తండ్రికి ముగ్గురు కొడుకులున్నా, చనిపోతూ తన తుపాకిని కూతురి చేతిలో పెట్టి పోయాడు. ఆ ఊళ్ళో నవంబరు పదిహేను అంటే దుప్పి వేట మొదలయ్యే రోజు. బడికి సెలవు. బ్యాంకులో మనుషులుండరు. ఆ వారం ఎవరైనా చచ్చిపోతే, వచ్చే వారం దాకా ఆగమని శవాన్ని బతిమాలుకుంటారు. అలాంటి ఊళ్ళో అమ్మమ్మ ఇరవై నాలుగేళ్ళ పాటు వేటగుడిసెలో మగవాళ్ళకి మాంసం కూరిన పాస్టీ రొట్టెలు కాల్చి పెట్టింది. ఎవరి తుపాకి అయినా పిండి డబ్బాకి అడ్డంగా ఆనించి ఉంటే, పక్కకి జరపడానికి కూడా లేదు. గుమ్మంలో నిలబడి కేక వేసేది: "ఈ కర్ర ఎవడిదిరా? వచ్చి తీసుకుపోండి, నాకు పిండి కావాలి!"

ఇదంతా ఎలా వచ్చిందంటే, ఆ ఊరివాళ్ళకున్న ఒక గుణం వల్ల వచ్చింది. వాళ్ళ తాతముత్తాతలు ఫిన్లండు నుంచి గనుల పనికొచ్చారు. వచ్చేటప్పుడు ఆవిరిగదిని, యాలకుల రొట్టెని, మౌనాన్ని వెంట తెచ్చుకున్నారు. అడిగినదానికి జవాబు చెప్తారు. అడగనిది చెప్పరు. ఇంటి గుట్టు బయటివాళ్ళకి చెప్పడం కంటే గడ్డకట్టిన సరస్సులో మునగడం మేలనుకుంటారు.

మొగుడు వాయినో తాత ఆ రోజుల్లో తాగేవాడు. తాగితే చెయ్యి దురుసు. పెళ్ళయిన రెండో ఏటి నుంచీ అంతే. అమ్మమ్మ ఒకరికి చెప్పింది లేదు. ఒక్కగానొక్క కూతురికి కూడా చెప్పలేదు. ఆ నవంబరులో, వేట ఇంకా రెండు రోజులుందనగా, తాత ఆమెని జుట్టు పట్టుకుని ఫ్రీజర్ మూతకేసి కొట్టాడు. మూత తెరుచుకుంది. చేతికి దొరికింది రాయిలా గడ్డకట్టిన ట్రౌట్ చేప. తోక పట్టుకుని, కట్టెలు చీల్చేదానిలా, ఒక్కటేసింది.

అదే సమయానికి పొరుగాయన నిచ్చెన తిరిగివ్వడానికి వచ్చాడు. తాత నుదుటి మీద నెత్తురు చూసి ఫోన్ చేశాడు. పోలీసు డిప్యూటీ వచ్చాడు.

"ఎవరు కొట్టారు?" అని అడిగాడు.

"నేను," అంది అమ్మమ్మ.

"దేంతో?"

"చేపతో."

డిప్యూటీకి నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో ఎందుకు కొట్టావని అడగడం మర్చిపోయాడు. అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. పక్కన కూర్చున్న తాత తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

మర్నాడు కోర్టు. తప్పు ఒప్పుకుంటే ఇవాళే ఇంటికి, లేదంటే వాయిదా అన్నారు. వాయిదా అంటే వేట పోయినట్టే. అమ్మమ్మ గోడ గడియారం చూస్తూ అన్నిటికీ "అర్థమైంది, ఒప్పుకుంటున్నా" అంది. సంతకం పెట్టి బయటికి వస్తుంటే గుమాస్తా గుర్తు చేశాడు: "ఇంట్లో తుపాకులుంటే ఎవరికన్నా ఇచ్చెయ్యమ్మా."

"ఎన్నాళ్ళకి?"

"ఎన్నాళ్ళేంటి? ఎప్పటికీ."

వేటకి వెళ్ళాలన్న తొందరలో వేటనే పోగొట్టుకున్న మనిషి ప్రపంచం మొత్తానికి అమ్మమ్మ ఒక్కతే అయ్యుంటుంది.

కొన్నాళ్ళు ఇద్దరూ ఒక ఇంట్లో ఉండొద్దంది కోర్టు. తాత అడవిలో వేటగుడిసెకి మకాం మార్చాడు. గడువు తీరినా తిరిగి రాలేదు. రమ్మని ఈమె అడగలేదు, వస్తానని ఆయన అనలేదు. గుడిసెలో ఆవిరిగది లేదు కాబట్టి శనివారం శనివారం తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేవాడు. స్నానం, కాఫీ, వెళ్ళిపోవడం. విడాకుల ఊసు లేదు, కాపురమూ లేదు. చేప మహిమతో తాగుడు మానేశాడని ఊళ్ళో అంటారు గానీ, అది అబద్ధం. రెండేళ్ళ తర్వాత కాలేయం చెడిపోతోందని డాక్టరు భయపెడితే మానేశాడు. చెయ్యి చేసుకోవడం మాత్రం చేపతోనే ఆగింది.

అలా బతుకు ఒక తీరున నడిచిపోతుంటే, డెబ్బై నాలుగో ఏట అమ్మమ్మకి కళ్ళ ఆపరేషన్ జరిగింది. పొరలు తీశారు. కట్టు విప్పిన రోజు వంటింటి కిటికీలోంచి చూసింది. పొలం అవతలి అంచున దుప్పి నిలబడి ఉంది. కొమ్ముల కొనలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. ఆమె కాఫీ చల్లారిపోయింది. దుప్పి వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడింది.

"మోకాళ్ళు ఇంకో రెండేళ్ళు పనిచేస్తాయేమో," అంది కూతురితో. "తుపాకి కావాలి నాకు."

"అమ్మా, నీ మీద కేసుంది."

"అది తీసేయించుకోవాలి."

కేసు తీసేయించుకోవడమంటే చొక్కా మీది మరక తీసేయించుకోవడం అనుకుందేమో మహాతల్లి. ఊరి గ్రంథాలయంలో నెలకోసారి మార్లా అనే వకీలు కూర్చుని, పాత నేరాలు చెరిపించుకోవాలనుకునేవాళ్ళకి ఉచితంగా సలహా చెప్తుంది. అమ్మమ్మ యాలకుల రొట్టె ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళింది.

"కొన్ని నేరాలు ఏళ్ళు గడిస్తే వాటంతటవే రికార్డులోంచి పోతాయి, సైమా గారూ," అంది మార్లా. "మీది అలా పోదు. కొట్లాట కేసు కదా. అర్జీ పెట్టుకోవాలి."

"పెడదాం."

"పక్క రాష్ట్రాల్లో కొన్ని చోట్ల ఇంట్లో కొట్టిన కేసంటే అర్జీ కూడా తీసుకోరు. ఇక్కడ మీకున్నది ఇదొక్కటే కాబట్టి అడగొచ్చు. కానీ ఇచ్చి తీరాలని లేదు. జడ్జి ఇష్టం. ప్రభుత్వ వకీలు వద్దనొచ్చు. ఇంకోటి, దెబ్బ తిన్న మనిషికి కబురు పంపుతారు. ఆయన వచ్చి మాట్లాడొచ్చు."

"వాయినోనా?" అమ్మమ్మ నవ్వింది. "వాడు మాట్లాడాలంటే ముందు చలి తగ్గాలి."

అర్జీ కోసం వేలిముద్రలు తీసుకునేవాడికి చెమటలు పట్టాయి. నలభై ఏళ్ళు చేపలు చీరిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. "ఈ వేళ్ళతో బ్యాంకు దోచినా ఎవరూ పట్టుకోలేరు," అన్నాడు. "ముందే చెప్పలేదేం?" అంది అమ్మమ్మ.

ఆ వారమే శనివారం తాత వచ్చి, జేబులోంచి కవరు తీసి బల్ల మీద పడేశాడు.

"నేను బాధితుణ్ణట."

"ఎవరన్నారు?"

"జిల్లావాళ్ళు. అచ్చేశారు చూడు, బాధితుడు వాయినో అని."

"ఈ వయసులో బిరుదొచ్చింది. గోడకి తగిలించుకో."

"కోర్టుకొచ్చి చెప్పదల్చుకుంటే చెప్పొచ్చట."

అమ్మమ్మ కాఫీ పోయడం ఆపింది. "నువ్వేం చెప్పదల్చుకోలేదు."

"లేదా?"

"లేదు. వస్తే వచ్చి బెంచీ మీద కూర్చో. నోరు తెరిచావా, ఈ ఇంటి ఆవిరిగది నీకు బంద్. మంచులో పొర్లి స్నానం చేసుకో."

"జడ్జి అడిగితే?"

"అడిగినంత వరకే చెప్పు. తల మానిందా అంటే మానిందను. ఐపోయింది."

తాత కప్పు పక్కకి జరిపాడు. "అది కాదే సైమా, ఆ రోజు..."

"ఆవిరిగదిలో రాళ్ళు వేడెక్కాయి. వెళ్ళి స్నానం చెయ్యి."

మోటు మనిషే గానీ, ఆమె లెక్క ఆమెకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఆమె మొగుణ్ణి కొట్టిన ఆడది. అందులో ఒక దర్జా ఉంది. అంతకు ముందు సంగతి బయటపడితే ఆ దర్జా పోతుంది. తుపాకి కావాలి, గుట్టు కూడా దాగాలి. రెండూ దక్కుతాయనే అనుకుంది.

అక్టోబరులో విచారణ. అమ్మమ్మ చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకుంది. వెనక బెంచీల మీద వేరే కేసులవాళ్ళు, వాళ్ళ చుట్టాలు, అంటే సగం ఊరు ఉంది. తాత చివరి వరసలో, గడ్డం గీసుకుని, గుర్తుపట్టలేనట్టుగా కూర్చున్నాడు.

ప్రభుత్వ వకీలు దక్షిణం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. లేచి సూటిగానే చెప్పాడు: "పాత చిల్లర దొంగతనమైతే మాకు అభ్యంతరం లేదు. ఇది ఇంట్లో జరిగిన హింస. ఆయన తలకి కుట్లు పడ్డాయి. పైగా ఈవిడ అడుగుతున్నది దేనికి? మళ్ళీ తుపాకి పట్టుకోడానికి. కొట్టింది ఆడమనిషని, ఆయుధం చేప అని మనం నవ్వుకుని వదిలేస్తే, రేపు ఇంకొకడికి ఏం చెప్తాం?"

అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు. అదే చిక్కు.

జడ్జి నెరిసిన జుట్టున్న ఆవిడ. కళ్ళజోడు పైనుంచి చూసింది. "సైమా గారూ, ఆ రోజు ఏం జరిగింది?"

"మా ఆయన్ని చేపతో కొట్టాను."

వెనకెవరో కిసుక్కుమన్నారు.

"ఎందుకు కొట్టారు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న కోర్టులో ఎవరైనా అడగడం అదే మొదటిసారి. అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "కోపమొచ్చింది."

"దేనికి?"

"అది మా ఇంటి సంగతండీ."

మార్లా నుదురు పట్టుకుంది.

"చేసినదానికి బాధపడుతున్నారా?" అని అడిగింది జడ్జి. ఇంత తేలిక ప్రశ్న ఇంకోటుండదు. అవునంటే చాలు, పనైపోతుంది. కానీ అమ్మమ్మకి అబద్ధం చెప్పడం రాదు. ఒకసారి ఆలోచించి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"కుట్లు పడ్డందుకు బాధపడ్డాను. మంచి చేప పారేయాల్సొచ్చింది, దానికీ బాధపడ్డాను. కొట్టినందుకు మాత్రం లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇలాగైతే నాకు కష్టమమ్మా. మీ వల్ల ఎవరికీ ప్రమాదం లేదని నేను రాయాలి. దేన్ని చూసి రాయను?" ఇటూ అటూ కాగితాలు తిప్పింది. "బాధితుడు వచ్చారా?"

తాత లేచాడు. అమ్మమ్మ వెనక్కి తిరగలేదు గానీ గట్టిగా దగ్గింది. ఆ దగ్గుకి అర్థం ఆయనకి తెలుసు.

"మీరేమైనా చెప్తారా?"

"చెప్పొద్దందండీ."

"ఎవరు?"

"ఆవిడే. నోరు తెరిస్తే ఆవిరిగది బంద్ అంది."

ప్రభుత్వ వకీలు స్ప్రింగులా లేచాడు. "ఇది సాక్షిని బెదిరించడం!"

"మీరు ఈ ప్రాంతానికి కొత్త కదూ, కూర్చోండి," అంది జడ్జి. తర్వాత తాతవైపు తిరిగి, "ఇక్కడ ఆవిడ మాట కాదు, మీ ఇష్టం," అంది.

తాత టోపీని రెండు చేతులతో నలిపాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక అంతసేపు మాట్లాడింది ఆ రోజే.

"ఆవిడ కొట్టింది ఒక్కసారండీ. నేను కొట్టినదానికి లెక్క లేదు. ఆ రోజు కూడా ముందు నేనే. జుట్టు పట్టుకుని ఫ్రీజర్ మూతకేసి కొట్టాను. నోట్లో నెత్తురొచ్చింది. ఆవిడ మింగేసింది. నా నెత్తురు బయటికి కనబడింది. డిప్యూటీ కనబడిందే రాసుకున్నాడు. ఎవరు కొట్టారని ఆవిణ్ణి అడిగాడు, నన్నడగలేదు. అడగలేదు కదా అని ఊరుకున్నాను." నలిగిన టోపీని సాపు చేశాడు. "అంతేనండి. తల మానింది."

జడ్జి అమ్మమ్మ వైపు తిరిగింది.

"సైమా గారూ, ఆయన చెప్పింది నిజమా?"

అమ్మమ్మ కోటు గుండీ వైపు చూస్తూ కూర్చుంది. కాదంటే గుట్టు మిగిలేది. కేసూ మిగిలేది. అన్నిటికీ మించి అది అబద్ధమయ్యేది.

"నిజమే," అంది.

ప్రభుత్వ వకీలుని చూసింది జడ్జి. మాకింక చెప్పేదేం లేదన్నాడు కుర్రాడు, కూర్చునే. నేరం రికార్డులోంచి కొట్టేస్తున్నట్టు జడ్జి అక్కడే సంతకం పెట్టింది. మార్లా సంతోషం పట్టలేక అమ్మమ్మని కావలించుకోబోయింది. అమ్మమ్మ చెయ్యి చాచి కరచాలనం దగ్గరే ఆపేసింది.

బయట పికప్ బండి దగ్గర తాత నిలబడి ఉన్నాడు.

"శనివారం రాకు," అంది.

"సరే," అన్నాడు.

రికార్డులో నేరం పోయింది. ఊళ్ళో ఇంకోటి మొదలైంది. కిరాణా కొట్లో చేపల పెట్టె దగ్గర అమ్మమ్మ ఆగింది. కొట్టువాడు చూశాడు. చూసి, ఎప్పుడూ లేనిది, మెత్తగా, "సంచీ నేను మోసుకొస్తానమ్మా," అన్నాడు. చర్చిలో ఆడవాళ్ళు మోచెయ్యి నిమిరి వెళ్ళారు. ఒకావిడైతే కేకు కూడా తెచ్చింది, ఎవరో పోయినట్టు. అమ్మమ్మ కావాలనే కొట్టువాడితో చిల్లర దగ్గర పోట్లాట పెట్టుకుంది. వాడు కనీసం ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి తలుపు ధడాలున వేసింది.

"ఇరవై నాలుగేళ్ళు ఊరు నన్ను చూసి భయపడినట్టు నటించింది. ఎంత బాగుండేది! ఇప్పుడు జాలిపడుతున్నారు, వెధవలు."

కూతురు టర్నిప్ దుంపల తొక్క తీస్తోంది. కత్తి ఆపకుండానే, "నాకు ముందే తెలుసమ్మా. మన ఇంటి గోడలు పల్చన," అంది.

"నీకు తెలుసని నాకు తెలుసు," అంది అమ్మమ్మ. ఇంకో కత్తి తీసుకుని పక్కన కూర్చుంది. ఆ సాయంత్రానికి ఆ ఇంట్లో అదే చాలా పెద్ద సంభాషణ.

కోర్టు కాగితాలు నవంబరు మొదటివారంలో వచ్చాయి. అప్పటిదాకా తుపాకిని దాచిన తమ్ముడు రేనో దాన్ని దుప్పటిలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అమ్మమ్మ ముందు చేతులు కడుక్కుంది. తర్వాత కాగితం ఇంకోసారి చదివింది. ఆ తర్వాతే ముట్టుకుంది. "నూనె వెయ్యలేదేం, సోంబేరీ?" అని తమ్ముణ్ణి తిట్టింది. ఆ తిట్టుతో రేనోకి ప్రాణం లేచొచ్చింది.

పదిహేనో తారీఖు తెల్లవారకముందే అమ్మమ్మ వేటవాళ్ళు వేసుకునే నారింజ రంగు కోటు తొడుక్కుని అడవిలో వేటగుడిసె తలుపు తట్టింది. తాత పాంటు భుజాల పట్టీలు సర్దుకుంటూ తలుపు తీశాడు. కోర్టు రోజు నుంచీ ఆయన ఊళ్ళోకే రాలేదు. ఆమెని చూశాడు, తుపాకిని చూశాడు, అటూ ఇటూ చూశాడు.

"నీకోసం రాలేదు," అంది. "మా నాన్న కట్టిన మంచె కోసం వచ్చాను."

"అది కూలిపోయి చాలా కాలమైందే."

"మరి నువ్వెక్కడ కూర్చుంటున్నావు?"

"దాని పక్కనే కొత్తది కట్టుకున్నాను."

"ఐతే అది నాది."

"మెట్లు జారతాయి. నే వచ్చి పట్టుకోనా?"

"నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని కాఫీ కాచుకో."

పొద్దెక్కేసరికి ఒక్క పేలుడు వినబడింది. రెండోది వినబడలేదు. తాత గుడిసెలో కాసేపు ఓపిక పట్టి, జారుడుబండి ఈడ్చుకుంటూ వెళ్ళాడు. అమ్మమ్మ మంచె కింద దుప్పి పక్కన మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ముక్కు కారుతోంది. అది చలికేనని ఆమె అంటుంది, ఒప్పుకోవాలి మరి. ఇద్దరూ కలిసి దుప్పిని బండి మీదకి దొర్లించి తాడు కట్టారు. పెద్ద దుప్పి. నాలుగడుగులు వేస్తే ఒకసారి ఆగాల్సి వచ్చింది.

ఒకచోట ఆగినప్పుడు తాత అన్నాడు: "కోర్టులో నేనలా..."

"చెప్పింది నిజమే," అంది అమ్మమ్మ. "నిజం చెప్పినందుకు నీకు దండలు వెయ్యను. నా సంగతి నన్నడక్కుండా పదిమందిలో చెప్పినందుకు నిన్ను క్షమించను కూడా."

"సరే," అన్నాడు తాత.

"సరే ఏంటి, సరే! లాగు."

తాత తాడు భుజానికి వేసుకుని లాగాడు. అమ్మమ్మ తుపాకి భుజాన తగిలించుకుని, వెనకనుంచి నెట్టింది.